కోడికి బైపాస్ ఫ్యాట్ అంట!

ఇప్పుడే దర్శిలో దాణా కొట్టు నుంచి వచ్చాను, ఇంకా ఒళ్లు మండిపోతోంది. నాటుకోళ్లకి మేత అడిగితే బర్రెలకి పెట్టే బైపాస్ ఫ్యాట్ పొడి తెచ్చి ముందు పెట్టాడు. ఇది పాడి బర్రెలకి కదయ్యా అంటే, "యాడైనా పేగు పేగేలేమ్మా" అన్నాడు.

ఆహా, ఏం జ్ఞానం! బర్రెది నాలుగు గదుల పొట్ట. మామూలు కొవ్వు ఎక్కువైతే మొదటి గదిలో గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులకి పడదు. అందుకని కొవ్వుని కాల్షియంతో కలిపి ఆ గది దాటిస్తారు. కోడికి మెడ కింద మేత సంచి ఉంది, గింజలు నూరే కందనకాయ ఉంది, ఆ గదే లేదు మహానుభావా! ఇంక దాటించేది దేన్ని?

సరే, పేగు దగ్గరికే వద్దాం. మనకైనా బర్రెకైనా పేగు పీల్చిన కొవ్వు చాలావరకు లింఫు గొట్టాల్లో చుట్టూ తిరిగి మెడ దగ్గర రక్తంలో కలుస్తుంది. కోడికి ఆ చుట్టుదారి లేదు, నేరుగా రక్తంలోకెక్కి ముందు కాలేయానికే పోతుంది. చక్కెర సంగతి ఇంకా తమాషా. మన పేగు కణాల్లోకి గ్లూకోజ్ పోవాలంటే సోడియం తోడుండాలి, ఓఆర్‌ఎస్‌లో ఉప్పూ చక్కెరా కలిపి ఇచ్చేది అందుకే. పిచ్చుకలాంటి చిన్న పిట్టల్లో అయితే చాలా భాగం కణాల మధ్య సందుల్లోంచే దూరిపోతుంది. ఎగరాలంటే బరువు తగ్గాలి, పొట్టి పేగుతోనే గబగబా లాగాలి మరి. గబ్బిలానిదీ అదే దారి. ఆ సందుల్లోంచి విషాలు కూడా దూరొచ్చు, అది వేరే గోల.

ఇదంతా చెప్పనిచ్చాడా? మా ఆయన వైపు తిరిగి, "అన్నా, ఎన్ని కేజీలు కట్టమంటావు?" అన్నాడు. మా ఆయన! పొదిగే పెట్ట కింద చెయ్యి పెట్టడానికి భయపడి నన్ను కేకేసే మనిషి! గడ్డం గోక్కుంటూ, "రెండు కేజీలు కట్టు" అన్నాడు.

ఒంగోల్లో జువాలజీతో డిగ్రీ చదివింది నేను. ఆ చదువు ఈ ఇంట్లో దేనికి పనికొచ్చిందయ్యా అంటే, పిల్లల రికార్డుల్లో కప్ప బొమ్మలు వేయడానికి. పెళ్లిచూపుల్లో "అమ్మాయి బీఎస్సీ అంట" అని ఊరంతా చెప్పుకున్న మా అత్త, నేను బీఈడీ చేస్తానంటే, "కోళ్లని ఎవరు చూస్తారే?" అంది. ఇప్పుడు ఆ కోళ్ల సంగతి కూడా నాకు తెలియదంట. గుడ్లమ్మిన డబ్బులు ఎంతొచ్చాయో మాత్రం అందరూ నన్నే అడుగుతారు.