సవరణ: అమ్మ తీసుకున్నది రొట్టె కాదు, కొడిముద్ద

నేను పుట్టకముందు అమ్మ కొంగు పట్టి ప్రసాదం తీసుకున్న సంగతి మొన్నటి పోస్టులో రాశాను. ఊరి పేరు అందులో లేకపోవడంతో చాలామంది అది నెల్లూరు రొట్టెల పండగ అనుకున్నారు. అక్కడా పిల్లల కోసం సంతాన రొట్టె పట్టుకుంటారు కాబట్టి అలా అనుకోవడం సహజమే. కానీ అది స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో, మొహర్రం నెలలో జరిగేది. నేను రాసింది పెన్న ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాల గురించి. అవి వైశాఖంలో వస్తాయి.

అమ్మ తీసుకున్నది కొడిముద్ద అనే ప్రసాదం. ధ్వజారోహణం నాడు పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లకు ఇస్తారు. పెన్నలో మునిగి, తడి చీరతోనే వరసలో నిలబడిందట. వెనక నుంచి ఒకటే తోపులాట. మా అవ్వ కోడలి భుజాలు రెండూ గట్టిగా పట్టుకుని, "కొంగు వదలబాక మ్మే, వదలబాక" అని చెవిలో చెబుతూనే ఉందట. ఆ ఆకుపచ్చ చీర ఇప్పటికీ అమ్మ బీరువాలో పై అరలోనే ఉంది, ఎవర్నీ ముట్టుకోనివ్వదు.

చిన్నప్పుడు రొట్టెల పండగకూ వెళ్లేవాళ్లం. దాని గురించి విడిగా రాస్తాను.