మహారాజశ్రీ పక్షుల లిస్టు గారి సముఖానికి

నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ చలి ముదిరింది. కార్తీక వనభోజనాల ఫొటోలతో కళ్ళు తెరిచిన మా పరిరక్షణ సంఘం వాట్సాప్ గ్రూపు, మార్గశిరం వచ్చేసరికి పూర్తిగా తమరి వశమైపోయింది. చూసిన ప్రతి పక్షినీ ఫోనులో తమరి ఖాతాలో ఎక్కించాల్సిందే. ఆదివారం పొద్దున అయిదున్నరకల్లా చెరువు కట్ట మీద హాజరు కావాలి. ఎర్ర స్వెట్టరు వేసుకోకూడదు. సెంటు కొట్టుకోకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. మా చిన్నప్పుడు పెళ్ళిచూపులకి కూడా ఇన్ని షరతులు ఉండేవి కావు.

అయినా వస్తున్నారండీ జనం. ఇంట్లో గ్యాస్ సిలిండర్ మార్చమంటే "అయిదు నిమిషాలు" అనే మనుషులు మీ కోసం చీకట్లో లేచి, నలభై కిలోమీటర్లు బండి నడుపుకుంటూ వస్తున్నారు. చుట్టూ పద్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంట్లున్న చెరువు దగ్గరికి ఆకుల బొమ్మల మిలిటరీ జాకెట్లు తొడుక్కుని వచ్చి, ఏ కాకీ తమని గుర్తుపట్టలేదన్న ధీమాతో నిలబడుతున్నారు. ఇదంతా మీ మహిమే. పలకరింపులు కూడా మారిపోయాయి. "బావున్నారా?" అని ఎవరూ అడగటం లేదు. "లైఫర్లేమైనా దొరికాయా?" అంటున్నారు. లైఫరంటే జన్మలో మొదటిసారి చూసిన పక్షి అని మీకు చెప్పక్కర్లేదు, ఆ మాట పుట్టిందే మీ కోసం. రెండోసారి చూసిన పక్షికి మాత్రం ఏ పేరూ లేదు. దాన్ని చూసేవాళ్ళూ లేరు.

మొన్న ఏం జరిగిందో విన్నవిస్తాను. చెరువు నడిమధ్యన షవలర్ బాతులు, అవేనండీ గరిటెలాంటి ముక్కువి, ఒక గుంపుగా గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒకదాని తోక వెనక ఇంకొకటి, ముక్కు నీళ్ళకి ఆనించి, తల ఎత్తకుండా. ముందున్నది కాళ్ళతో ఈదుతుంటే అడుగునున్న నలుసులూ పురుగులూ పైకి లేస్తాయి. వెనకది వాటిని నీళ్ళతో సహా నోట్లోకి తీసుకుంటుంది. ముక్కు అంచులకి దువ్వెన పళ్ళలాంటివి ఉంటాయి కాబట్టి నీళ్ళు బయటికి పోయి తిండి లోపల మిగులుతుంది. అది ఈదితే లేచేది దాని వెనకదానికి. అలా వలయం మొత్తం ఒకదానికొకటి వడ్డించుకుంటూ తింటోంది. అధ్యక్షుడు లేడు, కోశాధికారి లేడు, సర్వసభ్య సమావేశం లేదు. మా సంఘానికి ఇవన్నీ ఉన్నాయి, టీ డబ్బులు ఎవరిస్తారో మాత్రం ఇంతవరకూ తేలలేదు.

"షవలర్, ముప్ఫై అయిదు," అన్నారు మా పెద్దాయన. బొటనవేళ్ళు ఫోన్ల మీద ఆడాయి. మరుక్షణం బైనాక్యులర్లన్నీ పక్కకి తిరిగిపోయాయి. వలయం ఇంకా తిరుగుతూనే ఉంది, మీ దృష్టిలో మాత్రం దాని పని అయిపోయింది.

ఎందుకు తిరిగాయంటే, అవతల బురదలో గోధుమరంగు పిట్ట ఒకటి కనబడింది. వుడ్ శాండ్‌పైపరా, గ్రీన్ శాండ్‌పైపరా? కాళ్ళు పసుపన్నారు ఒకరు. అది బురదన్నారు ఇంకొకరు. కంటి మీద తెల్లగీత చూడమన్నారు. ఫోన్లలో పక్షుల పుస్తకాలు తెరుచుకున్నాయి. నాలుగు లక్షల లెన్సున్నాయన ఆరేడు వందల ఫొటోలు తీసి, అన్నిటిలోనూ పిట్ట వీపే పడిందన్నారు. ఎగిరితే తేలిపోతుంది, రెక్కల కింద నల్లగా ఉండి నడుం మీద తెలుపు మెరిస్తే గ్రీన్ అని ఎవరో అన్నారు. మాట నిజమే. దాంతో ప్రకృతి ప్రేమికుడొకాయన ముందుకు వెళ్ళి చప్పట్లు కొట్టారు. పిట్ట ఎగిరింది. దానితోపాటు చెరువులో ఉన్నవన్నీ ఎగిరాయి, షవలర్లతో సహా. ఆ గందరగోళంలో మన పిట్ట ఎటు పోయిందో ఎవరూ చూడలేదు.

మీ నిబంధనలకి ఇదేమీ అడ్డు రాదు. చివర్లో మీరు అడిగే ప్రశ్న ఒకటే: గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా? అందరూ "అవును" నొక్కేశారు. కాకిని ఒక్కరూ రాయలేదు. పావురం సంగతి సరేసరి. ఈ నగరంలో పావురానికి పక్షి హోదా ఎప్పుడో రద్దయింది.

మీ మీద నాకు కోపం లేదండీ, దయచేసి అలా అనుకోవద్దు. మీ వంశం గొప్పది. 1931లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యంలో ఊరూరా తిరిగి పక్షుల సర్వే చేసింది మీ కోసమే. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన పేరిట చెరువుల మీద జనం నిలబడుతున్నది మీ కోసమే. 2023లో దేశంలోని పక్షుల పరిస్థితి మీద నివేదిక వచ్చినప్పుడు, ముప్ఫై వేల మందికి పైగా మామూలు మనుషులు పంపిన లిస్టులే దానికి ఆధారం. 942 జాతుల్ని తూచి, 178 జాతుల గురించి తక్షణం పట్టించుకోండని అందులో చెప్పారు. చేతిలో చిట్టా లేకపోతే "మా చిన్నప్పుడు ఎన్ని పక్షులుండేవో" అని నిట్టూర్చడం తప్ప మనం చేయగలిగేదేముంది? ఆ నిట్టూర్పు ఏ కలెక్టరు దగ్గరా అర్జీగా పనికిరాదు.

కాకపోతే మీకు తెలియనివి కొన్నున్నాయి. చెరువులో ట్యూబు మీద కూర్చుని వల వేసే మనిషి రోజూ మాకు ఎదురవుతాడు. రాత్రి బాతులు ఏ మూల పడుకున్నాయో, ఎన్నింటికి లేచాయో, ఏ పక్షి రెండేళ్ళుగా రావడం లేదో అతనికి తెలుసు. లాటిన్ పేర్లు తెలియవు, అందుకని పరిశీలకుడి గడిలో అతని పేరు పడదు. ఫొటోకి అడ్డొస్తున్నాడని మావాళ్ళు "కొంచెం పక్కకి జరుగన్నా" అంటారు. అక్కడ మీకో పాత సంగతి గుర్తుచేయాలి. కలివికోడి అనే అరుదైన పక్షిని 1848లో జెర్డాన్ అనే డాక్టరు శాస్త్రలోకానికి చెప్పాడు. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదు. అంతరించిందని మీరు దాదాపు కొట్టేశారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టుకున్నది ఐతన్న అనే ఊరి మనిషి. మన గడ్డ మీద తమరికి దక్కిన అతి పెద్ద టిక్కు, మీ మొహం ఎన్నడూ చూడని మనిషి పెట్టింది.

పిల్లల కార్యక్రమాల్లో సైబీరియా గోల ఒకటి. మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ "వేల మైళ్ళు దాటి సైబీరియా నుంచి వచ్చిన అతిథులు" అనే మొదలుపెడతారు. బాతుల్లో కొన్ని నిజంగానే అటువైపు నుంచి వస్తాయి, ఒప్పుకుంటాను. నేలపట్టు గూడబాతులూ (అవే పెలికాన్లు), వీరాపురం పెయింటెడ్ స్టార్క్ కొంగలూ ఏ వీసా అక్కర్లేని మనవే. ఈ దేశంలోనే నీళ్ళున్న చోటుకి తిరుగుతుంటాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో పక్కింటివాళ్ళలా సంసారం చేసుకునేవాటికి మనం పాస్‌పోర్టులు అంటగడుతున్నాం. ఫారిన్ అంటేనే మర్యాద, పక్షులకైనా, అల్లుళ్ళకైనా.

సరే, అసలు ఫిర్యాదుకి వస్తాను. పోయిన ఏడు మా చెరువు మీద మీరు చూపించిన జాతుల కంటే ఈ ఏడు ఎక్కువొచ్చాయి. గ్రూపంతా మతాబులు వెలిగాయి. "మన చెరువు కోలుకుంటోంది" అని ఒకాయన పద్యం కూడా రాశారు (ఛందస్సు గురించి మాట్లాడను). ఆ పెరిగినవి ఏవో ఒక్కటొక్కటే చూస్తే నాకు కాళ్ళు చల్లబడ్డాయి. బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్: పొడుగాటి ఎర్ర కాళ్ళ మీద మురుగునీళ్ళలో హాయిగా బతికే పక్షి. నాలా నీళ్ళు చెరువులోకి తిప్పాక దిగింది. జకానా: గుర్రపుడెక్క ఆకుల మీద నడిచేది. గుర్రపుడెక్క ఆ మురుగు తాగే మూడెకరాలకి పాకింది. వాగ్‌టెయిల్, పిపిట్: నేల మీద తోక ఆడించుకుంటూ తిరిగేవి. వీటికి నేల ఎక్కడిదయ్యా అంటే, రాత్రిళ్ళు టిప్పర్లు పోసిన కూలగొట్టిన ఇళ్ళ మట్టి. లోతు నీళ్ళలో మునిగి తినే పోచార్డ్ బాతులు మాత్రం పోయాయి. అంటే ఒకటి పోయి నాలుగొచ్చాయి. మీ లెక్కలో లాభం మూడు.

ఇలా అయితే చెరువు పూర్తిగా పూడి, లే అవుట్ అయ్యి, పార్కు వచ్చిన నాటికి మీరు నూరు దాటేస్తారేమో. పార్కులో పికిలిపిట్టలు, గోరింకలు, తేనెపిట్టలు, పై అంతస్తు ఏసీ పెట్టెల మీద పావురాలు. అప్పుడు ఇంకో పద్యం.

ఇది మా ఒక్క చెరువు గొడవ కాదు. కొల్లేటిని 1999లో అభయారణ్యం చేశారు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ గుర్తింపు, అంటే చిత్తడినేలల అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు వచ్చింది. 2006లో చేపల చెరువుల గట్లు యంత్రాలతో తవ్వేశారు, ఆ తర్వాత గట్లు మళ్ళీ మొలిచాయి. ఇటు హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం అని పేరు పెట్టారు. నగరాల్లోని చెరువుల్లో ఆ హోదా దక్కిన మొదటిదని అందరం సంబరపడ్డాం. ఆ రెండు చోట్లా మీరు మాత్రం ఏనాడూ తగ్గలేదు, పేజీలకి పేజీలు.

మీ దగ్గర మందు లేదా అంటే, ఉంది. నీటి పక్షుల గణనకి పక్షుల సంఖ్య రాసే ఫారంతోపాటు స్థలం వివరాల ఫారం కూడా ఉంటుంది. ఈ చెరువుకి రక్షణ ఉందా, దీనికి ముప్పులేమిటి అని అందులో అడుగుతారు. మొదటిది నింపడానికి మావాళ్ళు కొట్టుకుంటారు. రెండోది వచ్చేసరికి అందరికీ ఆకలి గుర్తొస్తుంది, టిఫిన్ల దగ్గరికి పోతారు. మా కట్ట మీద ఎఫ్‌టీఎల్ రాయి ఒకటి ఉండేది, చెరువు నిండితే నీళ్ళు ఎంతవరకు వస్తాయో చెప్పే హద్దు రాయి. ఇప్పుడది ఒక ప్రహరీగోడకి అవతల ఉంది. దాని నెత్తిన కూర్చున్న లకుముకిపిట్టని లెన్సాయన గోడ మీంచి తీశారు. అద్భుతమైన ఫొటో. రాయి మీది అంకె అడ్డొస్తోందని కత్తిరించి పెట్టారు. కింద నూట పన్నెండు లైకులు.

కాబట్టి తమరితో మనవి ఏమిటంటే, ఈ జనవరి నుంచి రెండో ఫారం లేకుండా మొదటిది తీసుకోకండి. వెనక్కి కొట్టేయండి. గోడ ఎవరిది, నాలా ఎక్కడ కలుస్తోంది, రాయి ఎటు పోయింది, ఈ మూడూ రాయందే ఎంత అరుదైన పక్షికైనా టిక్కు పడదని చెప్పండి. మావాళ్ళు లైఫరు కోసం నడుం లోతు బురదలో దిగుతారు, తహసీల్దారు ఆఫీసు మెట్లెక్కడం ఒక లెక్కా? పిపిట్‌కీ వాగ్‌టెయిల్‌కీ తేడా పట్టే కళ్ళకి పట్టా భూమికీ శిఖం భూమికీ (చెరువు కడుపులోని భూమికీ) తేడా పట్టడం రెండు ఆదివారాల పని.

ఇట్లు,
తమరిలో నూట అరవై నాలుగో వరస దగ్గర ఆగిపోయిన ఒక సభ్యుడు

తా.క.: ఈ ఉత్తరం నకలు గ్రూపులో పెట్టాను. ఆరు నమస్కారాల బొమ్మలు, ఒక చప్పట్ల బొమ్మ వచ్చాయి. తర్వాత పెద్దాయన నుంచి మెసేజ్: "చాలా బాగా రాశారు సార్. ఇంతకీ ఆ శాండ్‌పైపర్ గ్రీనేనా? ఎంట్రీ పెండింగ్‌లో ఉంది."