సవరణ: కొత్తవాళ్ల ప్రశ్నలు తీసేయం

మన గుంటూరు క్రిప్టో (బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కాయిన్ల) గ్రూపులో పసలేని మెసేజ్‌లు తీసేస్తామని మొన్న పోస్టు పెట్టాను. అది చూసి కొత్తవాళ్లు ప్రశ్నలు అడగడమే మానేశారు. తీసేసేది డబ్బుల కోసం పెట్టే మెసేజ్‌లని, చిన్న ప్రశ్నల్ని కాదు.

కొన్ని కాయిన్ల వాళ్లు తమ కాయిన్‌ని పొగిడితే మెసేజ్‌కి ఇంత అని లెక్కగట్టి డబ్బులిస్తారు. అందుకే "సూపర్ ప్రాజెక్ట్ అన్నా, టీమ్ గట్టిది" అన్న ముక్క పొల్లుపోకుండా నాలుగైదు గ్రూపుల్లో కనిపిస్తుంది. ఆ కాయిన్ దేనికి పనికొస్తుందని అడగండి, జవాబు రాదు.

మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే తమ్ముడొకడు "తప్పు అడ్రస్‌కి బిట్‌కాయిన్ పంపితే వెనక్కి వస్తుందా" అని అడిగాడు. ఒక్క లైనే, కానీ అసలైన ప్రశ్న. కన్ఫర్మ్ అయిన లావాదేవీని వెనక్కి తిప్పేవాళ్లెవరూ ఉండరు. అవతలివాళ్లు తిరిగి పంపితేనే వస్తుంది. ఇలాంటివి అడుగుతూనే ఉండండి.

2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను ఉంది. దాన్ని చూపించి "గవర్నమెంటే ఒప్పుకుంది" అంటూ కాయిన్లు అంటగట్టే మెసేజ్‌లు మాత్రం ఉండవు. పన్ను వేసినంత మాత్రాన ప్రభుత్వం ఏ కాయిన్‌కీ పూచీ పడ్డట్టు కాదు.

సాయం చేస్తానంటూ ఇన్‌బాక్స్‌లోకి వచ్చి వాలెట్ (కాయిన్లు దాచుకునే యాప్) తాలూకు 12 లేదా 24 రహస్య పదాలు అడిగినవాణ్ణి హెచ్చరిక లేకుండా తీసేస్తాం. ఆ పదాలు చేతికి చిక్కితే వాలెట్ మొత్తం ఖాళీ చేసేయొచ్చు. అలా ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గ్రూపులో తర్వాత చెప్పొచ్చు.