ఉలవపాడు మామిడి చెట్టు, ప్లస్ ఆర్ మైనస్ 2 సెంటీమీటర్లు

మా పెదనాయన కొడుకు జర్మనీలో ఫిజిక్స్ పీహెచ్‌డీ చేస్తా ఉండాడు. ఏం చేస్తావురా అంటే ఎలక్ట్రాన్లు చాలావరకు ఊడగొట్టిన అయాన్ల నుంచి వచ్చే ఎక్స్‌రేల తరంగదైర్ఘ్యం కొలుస్తాం అంటాడు. ఇంట్లో అందరికీ తలకెక్కింది రెండు ముక్కలు, ఎక్స్‌రే, కొలవడం. మే నెల్లో వాడు ఉలవపాడు పక్కన మా ఊళ్ళో దిగాడో లేదో, మొదటి ముక్క పట్టుకోని పక్కింటి అవ్వ మోకాలి ఫిల్మ్ తెచ్చేసింది, రెండో ముక్క పట్టుకోని మా చిన్నాయన వాణ్ణి చేని గట్టు మీదకి లాక్కుపోయినాడు.

అక్కడ ఉండేది మామిడి చెట్టు తగాదా. తాతల నాడు అన్నదమ్ములు సగం సగం పంచుకున్న చేను, తూర్పు సగం చిన్నాయనది, పడమటి సగం ఆయన దాయాదిది, సరిగ్గా నడిమధ్యన ఒక బంగినపల్లి చెట్టు. కాయలు మాత్రం ఎప్పుడూ చిన్నాయనే కోసుకుంటాడు. "మాను మధ్య భాగం ఎటు పడితే చెట్టు వాళ్ళది, పిల్లోడు కొలుస్తాడు, ఇంక మాట్లాడే పనే లేదు" అని పెద్దమనుషుల ముందు ఒప్పందం పెట్టింది కూడా చిన్నాయనే, మనోడే గదా కొలిచేది అని ధీమా.

టేపు తాపీ మేస్త్రిది, 30 మీటర్ల స్టీలు టేపు, మొదట్లో జానెడు తెగిపోయి పురికొస కట్టుంది. అవతలాయన అది చూసి "ఈ మొండి టేపుతో ఏం కొలుస్తావు అబ్బయా" అని నవ్వినాడు. అదేందో మా వాడికి పండగయిపోయింది. మొదలు ఎక్కడో తెలియకపోయినా పర్లేదు, మేము చేసేది కూడా ఇదే అని ఆ ఎండలోనే క్లాసు మొదలుపెట్టినాడు.

ఆర్గాన్ అనే వాయువుకి ఒక్కో పరమాణువులో 18 ఎలక్ట్రాన్లు ఉంటాయంట, ఎలక్ట్రాన్ బీమ్‌తో కొట్టి కొట్టి 16, 17 ఊడగొట్టేస్తే మిగిలిన ఒకటీ రెండు కింది మెట్టుకి దూకినప్పుడు ఎక్స్‌రే వస్తుంది, దాన్ని సిలికాన్ క్రిస్టల్ మీద పడేస్తే ఒక్క కోణంలోనే బాగా వెనక్కి కొడుతుంది, క్రిస్టల్‌లో పొరల మధ్య దూరం మనకి తెలుసు కాబట్టి కోణం కొలిస్తే తరంగదైర్ఘ్యం తెలిసిపోతుంది, ఇది 1913లోనే బ్రాగ్ చెప్పిన లెక్క. తంటా అంతా ఆ కోణం సున్నా ఎక్కడ అనేదాని దగ్గరే. అందుకని 1960లో బాండ్ అనే ఆయన చూపించిన ఉపాయం, క్రిస్టల్‌ని ఒకసారి ఇటు తిప్పి, ఒకసారి అటు తిప్పి రెండు పక్కలా కొలిస్తే సున్నాలో ఉండే తప్పు కొట్టేసుకుపోతుంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఆర్గాన్ ఎక్స్‌రేల తరంగదైర్ఘ్యాన్ని పది లక్షల్లో ఒకటి రెండు వంతుల తేడాలోపు పట్టుకున్నది ఈ ఉపాయంతోనే అన్నాడు. ఎలక్ట్రాన్లు తక్కువుంటే థియరీ వాళ్ళు లెక్క బాగా గట్టిగా కట్టగలరంట, ఆ లెక్క నిజమో కాదో వీళ్ళు తేల్చాలంట.

"చెట్టు సంగతి చెప్పరా" అన్నాడు చిన్నాయన.

చేనికి తూర్పు హద్దు రాయి నుంచి మానుకి 28 మీటర్ల 40. పడమటి హద్దు రాయి నుంచి అదే టేపుతో 28 మీటర్ల 12. తెగిన జానెడు రెండిట్లోనూ ఉండాది కాబట్టి తేడా తీస్తే పోయింది, తేడా 28 సెంటీమీటర్లు, అందులో సగం 14.

"అంటే?"

"చెట్టు మధ్య 14 సెంటీమీటర్లు వాళ్ళ వైపు ఉండాది చిన్నాయనా."

గట్టు మీద ఎవ్వరూ నోరు మెదపలేదు. అప్పటిదాకా మొండి టేపు అని నవ్విన అవతలాయనే "ఆ టేపు మంచిదబ్బా, గవర్నమెంటు టేపు కంటే మేలు" అన్నాడు.

చిన్నాయన వదల్లేదు. ఎండకి టేపు సాగి ఉంటుంది అన్నాడు. మా వాడు ముఖం వెలిగిపోతా, సాగుతుంది, 20 డిగ్రీలకి తయారైన టేపు 42 డిగ్రీల్లో 30 మీటర్లకి 7, 8 మిల్లీమీటర్లు సాగుతుంది, మా సిలికాన్ కూడా డిగ్రీకి పది లక్షల్లో 2.6 వంతులు సాగుతుంది, అందుకే క్రిస్టల్ వేడి కదలకుండా కాపలా కాస్తాం, కానీ ఇక్కడ రెండు పక్కలా ఒకేలాగ సాగింది కాబట్టి చెట్టు ఎటుందో మారదు అని వేలితో మట్టిలో గీసి మరీ చూపించినాడు. బంధువు అనే ఇంగితం ఎక్కడన్నా ఉండాలా!

"పోనీ తప్పు ఎంత ఉండొచ్చు?"

"లాగడంలో, చూడ్డంలో అంతా కలిపి ప్లస్ ఆర్ మైనస్ 2 సెంటీమీటర్లు."

"ఆ ప్లస్సూ మైనస్సూ మొత్తం మనవైపే వేసెయ్."

"వేసినా ఇంకా 12 మిగుల్తుంది."

సాయంత్రానికి అవతలాయన మనుషులు దోటీలతో వచ్చి చెట్టు ఖాళీ చేసుకోని పోయినారు, పోతా పోతా పిల్లోడికి అని ఒక గంప మా అరుగు మీద దింపినారు. చిన్నాయన ఆ గంప వైపు వీపు పెట్టి కూర్చోని, రాత్రి భోజనాల వేళకి ఉన్నట్టుండి "ఒరే, అసలు ఆ పడమటి రాయి పాతిన చోటే ఉందంటావా?" అన్నాడు. మా వాడు లేచి కూర్చున్నాడు, ఇప్పుడు సరైన ప్రశ్న అడిగావు, అది సిస్టమాటిక్ ఎర్రర్, ఎన్ని సార్లు కొలిచినా బయటపడదు, సర్వేయర్ దగ్గర ఎఫ్‌ఎంబీ, అదే పొలం హద్దుల కొలతల పుస్తకం, చూడాలి అని ఫోన్‌లో ఏందో రాసుకోవడం మొదలుపెట్టినాడు.

"ముందు అన్నానికి లేవండి, రాళ్ళు యాడికీ పోవు" అంది పిన్ని.

"పొయ్యుంటాయనే గదే నేను చెప్తా ఉండేది!" అన్నాడు చిన్నాయన.