కారు నిద్రపోయే చోటు

మా కార్యాలయానికి కూతవేటు దూరంలో పాతికేళ్ల నాటి అపార్ట్‌మెంటు ఒకటుంది. రాత్రి పదయ్యేసరికి మూడో అంతస్తు బాల్కనీ గ్రిల్‌లోంచి నల్లటి తీగ ఒకటి కిందికి దిగుతుంది. రెండో అంతస్తు వాళ్లు బట్టలారేసుకునే దండేన్ని ఒరుసుకుంటూ వచ్చి ప్రహరీ పక్కన నిలిపిన విద్యుత్‌ కారుకు తగులుకుంటుంది. తెల్లారి ఆరింటికి వాచ్‌మన్‌ దాన్ని చుట్టచుట్టి పైకి అందిస్తాడు. సెల్లార్‌లో తన పార్కింగ్‌ గోడకు ఓ ప్లగ్గు పెట్టించుకుంటానని ఆ కారు యజమాని అసోసియేషన్‌ను అడిగి ఏడాది దాటింది. ‘రేపు అందరూ అడిగితే?’ అన్నారు కొందరు. ‘వానకు సెల్లార్‌లో నీళ్లు చేరితే?’ అన్నారు ఇంకొందరు. రెండూ తీసిపారేసే ప్రశ్నలు కావు. జవాబు వెతకాల్సినవాళ్లు ఎవరూ వెతకలేదు, అంతే.

పెట్రోలా, ఇంజిన్‌, విద్యుత్‌ మోటారు రెండూ ఉన్న హైబ్రిడా, కరెంటా అన్న చర్చ ఇప్పుడు పెళ్లి భోజనాల బంతిలోనూ వినిపిస్తోంది. బ్యాటరీ ఎన్నేళ్లు ఆగుతుంది, మైలేజీ ఎంత, పికప్‌ ఎలా ఉందన్నవే మాటలు. అసలు అడగాల్సింది వేరే ఉంది. రాత్రి మీ కారు ఎక్కడ నిద్రపోతుంది? సొంత ఇల్లు, సొంత గేటు, గోడకు 15 ఆంపియర్ల ప్లగ్గు ఉన్నవారికి ఒక లెక్క. అద్దె ఇంట్లో ఉంటూ కారును వీధిలో వేపచెట్టు కింద నిలుపుకొనేవారికి పూర్తిగా వేరే లెక్క.

హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయల చుట్టూ ఉందనుకుందాం. నగరం ట్రాఫిక్‌లో మధ్యతరహా పెట్రోలు కారు లీటరుకు 14 కిలోమీటర్లు ఇస్తే గొప్ప. అంటే కిలోమీటరుకు ఏడున్నర రూపాయలు. అదే పరిమాణంలోని స్ట్రాంగ్‌ హైబ్రిడ్‌, అంటే మోటారు ఒక్కదానితోనూ కదలగల హైబ్రిడ్‌, 22 కిలోమీటర్లు ఇచ్చిందంటే ఖర్చు అయిదు రూపాయల లోపే. విద్యుత్‌ కారు గోడ ప్లగ్గు నుంచి తీసుకునే ఒక్కో యూనిట్‌కు ఆరు, ఆరున్నర కిలోమీటర్లు నడుస్తుంది. ఇంటి కరెంటు పై శ్లాబులో, యూనిట్‌ తొమ్మిదిన్నర రూపాయల చొప్పున కట్టినా కిలోమీటరుకు రూపాయిన్నరే. ఇంత తేడా చూశాక ఇక మాటలెందుకు అనిపిస్తుంది.

కానీ ఆ రూపాయిన్నర ఇంటి ప్లగ్గు ఉన్నవారిదే. లేనివారు బయటి ఫాస్ట్‌ చార్జర్ల దగ్గరికి వెళ్లాలి. అక్కడ యూనిట్‌ 20 రూపాయలకు అటూ ఇటూ, దానిపై 18 శాతం జీఎస్‌టీ. నగరంలో తిరిగితే కిలోమీటరు మూడు రూపాయల 60 పైసలకు చేరుతుంది. హైవే ఎక్కి వందకు పైగా వేగంతో వెళ్తే బ్యాటరీ ఇంకా తొందరగా దిగుతుంది కాబట్టి నాలుగు రూపాయలు దాటుతుంది. దాదాపు హైబ్రిడ్‌ ఖర్చు! పైగా వారానికి రెండుసార్లు చార్జర్‌ దగ్గర ముప్పావుగంట కూర్చోవాలి. ఒకే కారు, ఒకే కంపెనీ, ఒకే రంగు. ప్లగ్గు ఉన్నవాడికి లాభం, లేనివాడికి తలనొప్పి.

ఇంటి కరెంటులోనూ ఒక మెలిక ఉంది. మన శ్లాబుల పద్ధతిలో కారుకు పోసే యూనిట్లన్నీ బిల్లు చివర్లో చేరతాయి. తెలంగాణలో నెలకు 300 యూనిట్లు వాడే కుటుంబం నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు కొంటే మరో 150 యూనిట్లు పెరుగుతాయి. అవన్నీ తొమ్మిది, తొమ్మిదిన్నర రూపాయలవే. ఆంధ్రప్రదేశ్‌లో 225 దాటితే 8.75, 400 దాటితే 9.75. బిల్లు పద్నాలుగు వందల దాకా పెరుగుతుంది. అదే వెయ్యి కిలోమీటర్లకు పెట్రోలు పోయించడానికి ఏడున్నర వేలకు పైగా కావాలి కనుక ఈ పెరుగుదల పెద్ద బాధ కాదు. అయినా విద్యుత్‌ వాహనాలకు తక్కువ రేటుతో ప్రత్యేక టారిఫ్‌ ఉందని, దానికి విడిగా మీటరు పెట్టించుకోవచ్చని షోరూంలో ఎంతమంది చెబుతున్నారు?

ఇక హైబ్రిడ్‌ సంగతి. ఈ పేరు మీద మన మార్కెట్లో చాలా గందరగోళం నడిచింది. మైల్డ్‌ హైబ్రిడ్‌లో చిన్న మోటారు ఇంజిన్‌కు చేయి కలుపుతుందే తప్ప సొంతంగా చక్రాలను తిప్పదు. 2015లో మొదలైన కేంద్ర సబ్సిడీ పథకంలో వీటికీ రాయితీ ఇచ్చి, 2017 ఏప్రిల్‌ నుంచి ఆపేశారు. స్ట్రాంగ్‌ హైబ్రిడ్‌ వేరు. 1997లో జపాన్‌లో టయోటా ప్రియస్‌తో రోడ్డెక్కిన పద్ధతి అది. అమీర్‌పేట నుంచి హైటెక్‌ సిటీ దాకా పాకుతూ పోయే సాయంత్రం వేళ ఇంజిన్‌ చాలాసేపు ఆగే ఉంటుంది, కారు మోటారు మీదే జరుగుతుంది. బ్రేకు నొక్కినప్పుడల్లా వేడిగా వృథా అయ్యే శక్తి కరెంటై బ్యాటరీలో చేరుతుంది. అంటే ట్రాఫిక్‌ ఎంత దరిద్రంగా ఉంటే దాని ఆదా అంత ఎక్కువ. ఖాళీ హైవే మీద ఆ గొప్ప సగానికి సగం తగ్గిపోతుంది. ప్లగ్గు అక్కర్లేని కారు కనుక, వీధిలో నిలుపుకొనే నగరవాసికి నేటికి ఇదే తగిన బండి అని మా అభిప్రాయం.

అలాంటి కారు మీద మన పన్ను ఎంత? 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్‌టీలో విద్యుత్‌ కార్లకు 5 శాతం. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్‌ ఉన్న పెట్రోలు కార్లకు 18. ఆ కొలతలు దాటితే 40. మన మార్కెట్లో దొరికే స్ట్రాంగ్‌ హైబ్రిడ్‌లు దాదాపు అన్నీ ఆ కొలతలు దాటినవే. లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చే పెద్ద ఎస్‌యూవీకీ, ఇరవై రెండు ఇచ్చే హైబ్రిడ్‌కూ ఒకే 40 శాతం! కోటి రూపాయల విద్యుత్‌ కారుకు మాత్రం 5 శాతమే. హైబ్రిడ్‌కు తగ్గిస్తే విద్యుత్‌ కార్ల ఊపు తగ్గుతుందని కొన్ని కంపెనీలు, తగ్గించకపోతే అన్యాయమని మరికొన్ని ఢిల్లీలో వాదించుకుంటున్నాయి. ఎవరేం తయారు చేస్తారో చూస్తే ఎవరు ఏ వాదనో తెలిసిపోతుంది. ఉత్తర్‌ప్రదేశ్‌ 2024 జులైలో స్ట్రాంగ్‌ హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషన్‌ పన్ను మినహాయించింది. అంత దూరం వెళ్లాలని మేము అనడం లేదు. కారు పొడవును టేపుతో కొలిచి పన్ను వేసే బదులు అది తాగే ఇంధనాన్ని కొలిచి వేయాలంటున్నాం.

పొగ లెక్క కూడా ప్రచారమంత సూటిగా లేదు. మన దేశంలో యూనిట్‌ కరెంటు తయారీకి సగటున 700 గ్రాములకు పైగా కార్బన్‌ డయాక్సైడ్‌ వెలువడుతోందని కేంద్ర విద్యుత్‌ ప్రాధికార సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఆ లెక్కన విద్యుత్‌ కారు వంతు కిలోమీటరుకు 110 గ్రాములు, ఆపైన. పైన చెప్పిన హైబ్రిడ్‌దీ ఇంచుమించు అంతే. మామూలు పెట్రోలు కారుది 160 పైచిలుకు. కారు పొగ మన ముక్కు దగ్గర లేనంత మాత్రాన రామగుండంలోనో కొత్తగూడెంలోనో బొగ్గు విద్యుత్‌ కేంద్రం దగ్గర లేదని కాదు. అయితే ఒక తేడా ఉంది. ఇవాళ కొన్న హైబ్రిడ్‌ పదిహేనేళ్లూ అంతే పెట్రోలు తాగుతుంది. కరెంటులో సౌర విద్యుత్‌ వాటా పెరిగేకొద్దీ పాత విద్యుత్‌ కారు కూడా శుభ్రపడుతూ పోతుంది. కర్నూలు దగ్గర వెయ్యి మెగావాట్ల సౌర పార్కు ఉంది. మిట్టమధ్యాహ్నం అక్కడ కరెంటు పుడుతున్న వేళకు మన కార్లు ఎక్కడున్నాయి? ఆఫీసుల పార్కింగ్‌లో, ఏ తీగా లేకుండా. కారు నిద్రపోయే రెండో చోటు అది. దాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

పెట్రోలు కారు కాలం చెల్లిందనే తీర్పు కూడా తొందరపాటే. తెనాలిలోనో జగిత్యాలలోనో నెలకు 400 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి విద్యుత్‌ కారుతో మిగిలేది నెలకు రెండున్నర వేలు. ధరలో తేడా 3 లక్షలు ఉందనుకుంటే అది రాబట్టుకునేసరికి పదేళ్లు పడుతుంది. నెలకు 1500 కిలోమీటర్లు తిరిగేవారికి మూడేళ్లలోపే వచ్చేస్తుంది. చిన్న పెట్రోలు కారును ఏ ఊళ్లోనైనా ఓ మెకానిక్‌ విప్పగలడు, అమ్మితే మర్నాటికి కొనేవాడు దొరుకుతాడు. విద్యుత్‌ కారుకు ఎనిమిదేళ్ల బ్యాటరీ వారంటీ మామూలైపోయినా, పాత బండి కొనేవాడి మనసులో బ్యాటరీ భయం ఇంకా పోలేదు. అలాగని పెట్రోలు వాళ్లకు అంతా సుఖమని కాదు. ఇప్పుడు పోయిస్తున్న పెట్రోలులో అయిదో వంతు ఇథనాల్‌. పెట్రోలుతో పోలిస్తే దానిలో శక్తి సుమారు మూడో వంతు తక్కువ. పాత కార్లవాళ్లు మైలేజీ పడిపోయిందని గొణుగుతున్నది ఊరికే కాదు.

సంక్రాంతికి విజయవాడ హైవే ఎక్కినవారికి ఈ మూడింటి బాగోగులు ఒక్క రాత్రిలో తెలిసొస్తాయి. దూరం 270 కిలోమీటర్ల పైచిలుకే. మామూలు రోజున నిండు చార్జింగ్‌తో బయల్దేరిన మంచి విద్యుత్‌ కారు అటూ ఇటుగా చేరిపోతుంది. పండగ ముందు రోజు పంతంగి టోల్‌గేటు దగ్గరే గంట గడిచిపోతుంది. సూర్యాపేట దగ్గర హోటల్‌ ముందున్న చార్జర్‌కు కారుకు తగిలించే గన్‌లు రెండు, ముందు అయిదు కార్లు ఉన్నాయంటే టిఫిన్‌ కోసం ఆగిన కుటుంబం భోజనం కూడా అక్కడే చేయాలి. పక్క బంకులో పెట్రోలు కారు నాలుగు నిమిషాల్లో వెళ్లిపోతుంది. కానీ ఏడాదికి రెండు రోజుల ఈ ఇబ్బందిని చూసి మిగతా 363 రోజుల బండిని ఎంచుకోవడం కూడా తెలివైన పని కాదు.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో జీవో 41తో విద్యుత్‌ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్‌ ఫీజు పూర్తిగా ఎత్తేసింది. గడువు 2026 డిసెంబరు 31. 15 లక్షల కారు మీద 17 శాతం అంటే రెండున్నర లక్షల పైమాట. మంచిదే. కానీ ఆ రెండున్నర లక్షలు ఎక్కువగా ఎవరికి అందుతున్నాయి? ప్లగ్గు ఉన్నవారికి, అంటే సొంత ఇల్లున్నవారికి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌ సాగర్‌ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు పెట్టుకున్న నగరంలో అద్దెకుండే సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగి ఇంకా బాల్కనీలోంచి తీగ వేలాడదీస్తున్నాడు. కొత్త భవనాల్లో అయిదో వంతు పార్కింగ్‌కు చార్జింగ్‌ ఏర్పాటు ఉండాలని కేంద్ర నమూనా నిబంధనలు 2019లోనే చెప్పాయి. వాటిలో పాత అపార్ట్‌మెంట్ల ఊసే లేదు. జనం ఉన్నది మాత్రం ఆ పాత భవనాల్లోనే.

అసోసియేషన్‌ ప్రశ్నలకు జవాబు కష్టమేమీ కాదు. ఇంటి చార్జర్‌ తీసుకునేది మూడున్నర కిలోవాట్ల లోపు, రెండు ఏసీలంత. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు రెండు గంటలు పెడితే చాలు. ఇరవై ఫ్లాట్లూ ఒకేసారి పెడితే ట్రాన్స్‌ఫార్మర్‌ మూలుగుతుంది, వంతులవారీగా పెట్టుకుంటే దానికి తెలియను కూడా తెలియదు. ప్లగ్గు ఛాతీ ఎత్తున పెట్టి, సరైన ఎర్తింగ్‌, లీకేజీకి ట్రిప్పయ్యే బ్రేకర్‌ వేస్తే ఇప్పుడు గోడ వెంట వేలాడుతున్న ఆ తీగ కంటే లక్ష రెట్లు నయం. దీన్ని విద్యుత్‌ పంపిణీ సంస్థ (డిస్కం) మనిషి ఒకడు వచ్చి అసోసియేషన్‌ సమావేశంలో చెప్పాలి. సొంత ఖర్చుతో, సొంత మీటరుతో ప్లగ్గు అడిగినవారికి నెలలోగా అసోసియేషన్‌ రాతపూర్వకంగా జవాబివ్వాలని, భద్రతా కారణం చూపకుండా కాదనడానికి వీల్లేదని ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఖజానాకు దీనితో పైసా భారం లేదు. పన్ను మినహాయింపు గడువు పొడిగించాలా వద్దా అనే ఫైలు సచివాలయంలో కదిలే రోజు ఎలాగూ వస్తుంది. ఆ ఫైల్లో సెల్లార్‌ గురించి కూడా ఒక పేరా ఉండాలి.