ఆదివారం నాటి ముప్పై గుర్రాలు

పాత కార్ల మోజున్నవాళ్ల ఫోన్లలో నెల రోజులుగా ఒక సందేశం తిరుగుతోంది. ఇరవై ఏళ్ల నాటి హోండా సిటీ వీటెక్, ఫియట్ పాలియో 1.6, ఫోర్డ్ ఇకాన్ 1.6 లాంటి కారు ఇంట్లో ఉంటే ఒక్క ఆదివారం, ఇరవై వేల రూపాయలు చాలట. ఓపెన్ ఎయిర్ ఫిల్టరు, ఖాళీ సైలెన్సరు, కోసిన స్ప్రింగులు, ఇంజన్ కంప్యూటరుకు చిప్పు. ముప్పై హార్స్‌పవర్ అదనంగా వచ్చేస్తుందట. చివర్లో “మన కారు, మన ఇష్టం, ఎవరూ అడగరు” అని అభయం కూడా ఇచ్చారు. పాలకొల్లులో మా పెరట్లో ఉన్నది పాలియోనే కాబట్టి ఐదారుగురు నాకే పంపారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేదు.

ముందు లెక్క చూద్దాం. పాలియో 1.6 కొత్తలోనే సుమారు 100 హార్స్‌పవర్. దానికి ముప్పై కలపడమంటే మూడో వంతుకు కాస్త తక్కువ. టర్బో, అంటే గాలిని బలవంతంగా లోపలికి తోసే పంకా, లేని ఇంజన్ వాతావరణం తోసినంత గాలినే పీల్చుకుంటుంది. అంత తేడా రావాలంటే ఇంజన్ పై భాగమైన హెడ్ విప్పాలి, వాల్వులను తెరిచే క్యామ్ మార్చాలి, సిలిండర్లో గాలిని నొక్కే కంప్రెషన్ పెంచాలి. అది ఆదివారం మధ్యాహ్నం భోజనంలోపు తేలే పని కాదు.

“ఓపెన్ ఫిల్టరు పెడితే ఇంజన్ హాయిగా ఊపిరి పీలుస్తుంది.” పీలుస్తుంది, కాని ఏ గాలిని? కంపెనీ పెట్టిన డబ్బా బయటి గాలిని లోపలికి తెస్తుంది. దాన్ని పీకేస్తే ఫిల్టరు వేడి ఇంజన్ పక్కన ఉన్న గాలినే లాగుతుంది. రోహిణి కార్తెలో బయట 36 డిగ్రీలుండి బానెట్ కింద 60 అయిందనుకుందాం. ఆ వేడికి గాలి సాంద్రత దాదాపు ఏడు శాతం తగ్గుతుంది, శక్తి కూడా దాని వెంటే తగ్గుతుంది. చెవికి ఊపిరి శబ్దం పెరుగుతుంది, అందుకే కారు పరుగెడుతోందనిపిస్తుంది. పైగా కోతల రోజుల్లో మన రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. ఆ పొట్టు, దుమ్ము నాసిరకం ఫిల్టరు దాటితే సిలిండరు గోడలను అరగదీస్తాయి.

మా బావ ఇంకా తెలివిగా ఆలోచించి, చల్లగాలి కోసం ఫిల్టరును గొట్టంతో బంపరు కిందకి దింపాడు. ఆ ఏడు వానల్లో కాలువ పొంగి రోడ్డు మీద మోకాలెత్తు నీళ్లు నిలిచాయి. ఫిల్టరు గాలికి బదులు నీళ్లు తాగింది. నీళ్లను పిస్టన్ నొక్కడం కుదరదు కదా, కనెక్టింగ్ రాడ్డు వంగిపోయింది. ఇంజన్ పని పూర్తయ్యేదాకా బావ మా అక్క స్కూటీ మీదే తిరిగాడు.

“సైలెన్సరు ఖాళీ చేస్తే పవర్ వస్తుంది.” మొరిగే కుక్క కరవదు. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిస్టును కూడా తీసేసిన బండి పొగ పరీక్షలో కూడా ఇబ్బంది పెడుతుంది.

స్ప్రింగుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఒక చుట్టు కోస్తే స్ప్రింగు పొట్టిదవడమే కాదు, గట్టిపడుతుంది కూడా. పాత షాక్ అబ్జార్బరు దాన్ని పట్టి ఉంచలేదు. చక్రం పూర్తిగా కిందకి దిగినప్పుడు స్ప్రింగు తన కుదురులోంచి జారే ప్రమాదమూ ఉంది. మన రోడ్లు ఎలాంటివి? కింద నల్లరేగడి, ఎండకు బీటలిచ్చి వానకు ఉబ్బుతుంది, దాంతో తారు అలలు తేలుతుంది. ప్రతి కాలువ వంతెన దగ్గరా ఒక మూపు. కిందకి దింపిన కారుకు అక్కడ ముందుగా తగిలేది ఆయిలు చాంబరే.

నేను స్ప్రింగుల జోలికి పోకుండా కింద పడుకుని చూశాను. ఒండ్రు నేలలో జాకీ దిగబడుతుంటే కింద టేకు చెక్క వేసి, స్టాండ్లు పెట్టి, టార్చి పట్టుకుని. చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కుండే రబ్బరు బుష్‌ను స్క్రూడ్రైవరుతో పొడిస్తే రబ్బరు ఎండిన కొబ్బరి పీచులా విడిపోయింది. ఇరవై ఏళ్ల రబ్బరు కదా. సముద్రపు గాలికి తలుపుల కింది అంచు, సైడు సిల్ కింద తుప్పు కూడా పొరలుగా లేచింది. బుష్‌లు, షాకులు, మంచి టైర్లు, ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్. నరసాపురం దారిలో కాలువ మలుపు దగ్గర స్టీరింగు మళ్లీ చేతికి మాట చెప్పింది. పనిలో పనిగా పెట్రోలు రబ్బరు హోసులు కూడా మార్చాను. అవి పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపే రోజులకు ముందువి, దాన్ని తట్టుకునే రబ్బరు కాదు.

చిప్పు విషయంలో ఒక్క నిజం ఒప్పుకుంటాను. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి టర్బో కారుకు కంప్యూటరు మార్పుతో బాగానే లాభం ఉంటుంది, ఎందుకంటే టర్బో తోసే గాలిని పెంచవచ్చు. టర్బో లేనివాటికి దక్కేది కొద్ది శాతమే.

“ఎవరూ అడగరు” అన్నది పచ్చి అబద్ధం. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి, అప్పుడు బండిని చూపించాలి. కంపెనీ నిర్దేశించిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

ఇంత పొడుగు సందేశంలో బ్రేకుల మాట ఒక్కసారి కూడా రాలేదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన డెల్టాలో తేమకు కొదవేముంది? డాట్ 4 రకం బ్రేకు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. అంతకు మించి వేడెక్కితే పెడల్ మెత్తబడి కిందకి పోతుంది. కిందటి వేసవిలో మా కారులోంచి తీసిన పాత ఆయిలు గాజు సీసాలో డికాక్షన్ రంగులో ఉంది. ఆ సీసా ఫొటోనే సందేశం పంపిన ఐదారుగురికీ జవాబుగా పెట్టాను.