పెరటి చెట్టుకు డాక్టరేటు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఎందుకో నోరు జారారు. ఆ అపవాదును మన విశ్వవిద్యాలయాలు ఎప్పుడో తుడిచేశాయి. తులసి, వాము, నిమ్మగడ్డి, జామాయిల్, ఏ మొక్కను తీసుకున్నా దాని నూనె ఈపాటికి ఎవరో ఒకరికి డాక్టరేటు ఇప్పించే ఉంటుంది. రోగికి ఏం ఒరిగిందన్న ప్రశ్న ఇక్కడ అప్రస్తుతం.

పద్ధతి పవిత్రమైనది. వంద గ్రాముల తులసి ఆకును ఆకుల నుంచి ఆవిరితో నూనె తీసే క్లెవెంజర్ పరికరంలో మూడు గంటలు మరిగిస్తే, సన్నని గాజు గొట్టంలో నీటి మీద లేత పసుపు చార ఒకటి తేలుతుంది. అర మిల్లీలీటరు వచ్చిందా, ఆ రోజు ప్రయోగశాలలో పండగే. ఆ నూనెను 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లకు అద్ది, క్రిములు పూసిన అగార్ పళ్లెంలో (క్రిములు పెరిగే జిగురు పోసిన గుండ్రని పళ్లెం) పెట్టి, రాత్రంతా 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. తెల్లారేసరికి బిళ్ల చుట్టూ క్రిములు మొలవని గుండ్రని జాగా! స్కేలు పెట్టి కొలుస్తారు. ఋషులు చెప్పింది రుజువైపోతుంది.

పోలిక కోసం పక్కనే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ బిళ్ల ఉంటుంది. దాని మీద మందు 10 మైక్రోగ్రాములు. మన నూనె 10 మైక్రోలీటర్లు, అంటే సుమారు 9 మిల్లీగ్రాములు. తొమ్మిది వందల రెట్లన్నమాట. ఇంటల్లుడికి విస్తరి కాస్త పెద్దది వేయడం మర్యాదే కదా! ఆ తర్వాత నూనె యాంటీబయాటిక్‌కు దీటుగా నిలిచిందని సిద్ధాంత గ్రంథం ప్రకటిస్తుంది.

క్లెవెంజర్ తన పరికరాన్ని ప్రకటించింది 1928లో. లండన్‌లో ఫ్లెమింగ్ పళ్లెంలో పెనిసిలిన్ బూజు కంటపడిందీ ఆ ఏడాదే. బూజుది తొందరపాటు స్వభావం, 1941కల్లా మందై రోగి నరంలోకి ఎక్కేసింది. నూనె నిదానస్తురాలు. చాలావరకు ఇంకా పళ్లెం దిగలేదు, ‘మరిన్ని పరిశోధనలు అవసరం’ అనే చివరి వాక్యం దగ్గర విశ్రాంతి తీసుకుంటోంది. పళ్ల డాక్టరు జింక్ ఆక్సైడ్‌లో కలిపే యూజినాల్ (లవంగ నూనెలోది), పుక్కిలించే మందులోని థైమాల్ (వాము నూనెలోది) లాంటివి పైపైన నిజంగానే పనిచేస్తున్నాయి. పని తేలిపోయిన వాటితో కొత్త పట్టా రాదు కాబట్టి వాటి ఊసు మనకెందుకు?

గిట్టనివాళ్లు కొన్ని అభ్యంతరాలు చెబుతారు. నూనె నీటిలో కలవదట. కడుపులోకి వెళ్లినదాన్ని కాలేయం మార్చేసి మూత్రంలోకి పంపేస్తుందట. పళ్లెంలోని మోతాదు రక్తంలోనూ ఉండాలంటే క్రిమికంటే ముందు రోగి పోతాడట. కణం పొరను చీల్చడంలో యూజినాల్‌కు స్వపర భేదం లేదట. జామాయిల్ నూనె, కర్పూరం మింగిన పసిపిల్లలకు ఫిట్స్ వస్తాయట. అన్నీ నిజాలే. కానీ ఇవన్నీ మనిషి నిర్మాణంలోని లోపాలు, నూనెకు అంటగట్టడం అన్యాయం. మనిషి ఆ అగార్ పళ్లెంలా 9 సెంటీమీటర్ల వ్యాసంతో, గుండ్రంగా, చదునుగా, కాలేయం లేకుండా పుట్టి ఉంటే ఈపాటికి ఆసుపత్రులు మూసేసేవాళ్లం. ఆరోగ్య శాఖ ఈ దిశగా ఆలోచించాలి.

నేల మారినా ఋతువు మారినా నూనెలోని పాళ్లు మారతాయి. మందు తయారుచేసేవాడికి ఇది తలనొప్పి, పరిశోధన చేయించే మార్గదర్శకుడికి మాత్రం అక్షయపాత్ర. తెనాలి తులసి అయిపోతే తాడిపత్రి తులసి ఉంది. వానాకాలం ఆకు ఒకరికి, ఎండాకాలం ఆకు ఇంకొకరికి. మండలానికో డాక్టరేటు మన కనీస లక్ష్యం కావాలి.

ఒక్కటే చిక్కు. ఆసుపత్రి ఐసీయూల్లో మందులకు లొంగక డాక్టర్లను ఏడిపించే సూడోమోనాస్ అనే క్రిమి ఉంది. బయట అదనపు పొర కప్పుకుని ఉండటంతో అది చాలా నూనెలను ఖాతరు చెయ్యదు. గ్రంథంలోని పట్టికలో దాని ఎదుట కొలత ఉండదు, చిన్న అడ్డగీత ఉంటుంది. నూనె అవసరం నిజంగా ఉన్నది అక్కడే కాబట్టి ఆ గీత చూడటానికి బాగోలేదు. మన సంప్రదాయం పట్ల గౌరవం లేని ఆ క్రిమిని వచ్చే విద్యా సంవత్సరం నుంచి పరీక్షలకు పిలవకూడదని పాలకమండలి తీర్మానించాలి.